“నాకెవరూ చెప్పలేదే!”: డీఎంగా నా అనుభవం

బల్ల చుట్టూ కూర్చుని, కథలో పాత్రలుగా మారి ఆడే మా ఆటలో గొడవ ముదిరే ముందు ఒక మాట వినిపిస్తుంది. “నాకెవరూ చెప్పలేదే!” ఆ మాట అన్నవాళ్ల చేతిలోనో, చెయ్యి చాపితే అందేంత దూరంలోనో ఫోన్ ఉంటుంది. ఆటగాళ్లు ధ్యాస పెట్టకపోవడం ఒక సమస్య, నాకు అన్యాయం జరిగిందంటూ గొడవపడటం ఇంకో సమస్య అని ఇలాంటి ఆటల్ని నడిపించే గేమ్ మాస్టర్లు విడివిడిగా మాట్లాడుకుంటారు. మా బల్ల దగ్గర నేను చూసినంతవరకు రెండోదాంట్లో సగానికి పైగా మొదటిదాని వల్ల వచ్చినవే.

మేం ఆడేది డంజన్స్ అండ్ డ్రాగన్స్, ఐదో ఎడిషన్. ఐదుగురు ఆటగాళ్లు, నేను డీఎం, అంటే ఆటను నడిపించే డంజన్ మాస్టర్. తలా ఒక పాత్రను నడిపేది వాళ్లు. లోకాన్ని, శత్రువుల్ని, దారిన పోయే దానయ్యల్ని నడిపేది నేను. ఏదైనా పని అవుతుందా లేదా అన్న అనుమానం వస్తే ఇరవై ముఖాల డైస్ వేస్తాం, దానికి పాత్ర బలాన్ని కలుపుతాం, నేను పెట్టిన అంకెను అందుకున్నా, దాటినా పని అయినట్టు. పేర్లెందుకు గానీ, ఇక్కడ వాళ్లను పాత్రలతోనే పిలుస్తాను. ఫైటర్ (యోధుడు), విజార్డ్ (మంత్రగాడు), రోగ్ (చాటుమాటు పనుల్లో నేర్పరి), క్లెరిక్ (దైవశక్తి ఉన్న పూజారి), రేంజర్ (అడవుల్లో తిరిగే వేటగాడు).

యుద్ధం మొదలైతే చాలు, ఫోన్లు బయటికొచ్చేవి. సత్రంలో బేరాలాడుతున్నప్పుడు, గూఢచారిని నిలదీస్తున్నప్పుడు కనిపించని ఫోన్లు సరిగ్గా కత్తులు దూసినప్పుడే ఎందుకొస్తున్నాయని వింతగా ఉండేది. లెక్క వేస్తే అందులో వింతేమీ లేదు. యుద్ధంలో అందరికీ తలా ఒక టర్న్ (వంతు) వస్తే ఒక రౌండ్, కథలో అది 6 సెకన్లు. బల్ల దగ్గర ఒక్కొక్కరు తమ టర్న్‌కి 3 నిమిషాలు తీసుకుని, శత్రువులందరికీ కలిపి నేను 5 నిమిషాలు తీసుకున్నానంటే రౌండ్ పూర్తయ్యేసరికి 20 నిమిషాలవుతుంది. 3 నిమిషాలు ఆడటానికి 17 నిమిషాలు ఊరికే కూర్చోవాలి. యుద్ధం నాలుగు రౌండ్లు సాగితే గంటకు పైగా ఊరికే కూర్చున్నట్టు. అంతసేపు ఫోన్ ముట్టుకోకుండా ఉండమంటే నేనైనా ఉండలేను.

ఫోన్లన్నీ ఒక పెట్టెలో వేద్దామన్నది రేంజర్ ఆలోచన. అందరూ సరేనన్నారు. తీరా పెట్టె తెచ్చేసరికి విజార్డ్ క్యారెక్టర్ షీట్ (పాత్ర వివరాల పట్టిక), స్పెల్స్ (మంత్రాలు) అన్నీ ఫోన్లోనే ఉన్నాయి. క్లెరిక్ ఆడే ఆమెకు ఆఫీసు నుంచి ఎప్పుడు ఫోన్ వస్తుందో తెలీదు, వస్తే ఎత్తాల్సిందే. వాళ్లిద్దరికీ మినహాయింపు ఇచ్చాం. “వాళ్లకో రూలు, మాకో రూలా?” అన్నాడు రోగ్. ధ్యాస కోసం పెట్టిన రూలు మొదటిరోజే న్యాయం మీద గొడవగా మారింది.

గొడవ సంగతి పక్కన పెడితే, పెట్టె వల్ల వేరే విషయం ఒకటి బయటపడింది. ఫోన్ లేని రోగ్ డైస్‌ను ఒకదాని మీద ఒకటి పేర్చడం మొదలెట్టాడు, అవి పడిపోయిన ప్రతిసారీ అందరూ అటు తిరిగేవాళ్లు. ఫైటర్ కూర్చున్నచోటే కునుకు తీశాడు. క్లెరిక్ మాత్రం ఎప్పటిలాగే కాగితం మీద తలవంచుకుని బొమ్మలు గీస్తోంది. ఏ శత్రువు ఎక్కడున్నాడని అడిగితే గదిలో ఉన్నదున్నట్టు చెప్పగలిగింది ఆమె ఒక్కతే. ఎవరి కళ్లు ఎటున్నాయో చూసి ఎవరు వింటున్నారో తేల్చకూడదని అప్పుడు అర్థమైంది. పెట్టె సంగతి ఆ తర్వాత ఎవరూ ఎత్తలేదు.

అందరి ముందు నిలదీయకుండా ఒక్కొక్కరితో విడిగా మాట్లాడాను. “నా టర్న్ వచ్చేదాకా నాతో ఎవరికీ పని లేదు కదా” అన్నాడు రోగ్. ఫైటర్‌ది పని అలసట, ఆట పదింటికి ముగిస్తే బాగుంటుందన్నాడు. విజార్డ్ చెప్పింది మాత్రం నేను ఊహించలేదు. “నేను వేరే ఏం చూడటం లేదురా, నా స్పెల్సే చదువుకుంటున్నా. తప్పు స్పెల్ వేస్తే మీరంతా నా మీద పడతారని టెన్షన్.” ముగ్గురూ చూస్తున్నది ఫోనే, మూడూ వేర్వేరు కారణాలు. ఒకే మందు ముగ్గురికీ పనిచేయదు.

అందుకని ముందు రౌండ్‌ను కుదించాను. ఒకే రకం శత్రువులందరికీ ఒకే ఇనిషియేటివ్, అంటే ఎవరి టర్న్ ఎప్పుడో తేల్చే రోల్. వాళ్లు కొట్టే దెబ్బకు ప్రతిసారీ డైస్ వేయకుండా పుస్తకంలో ప్రతి జీవి పక్కన ముద్రించి ఉండే సగటు అంకెనే తీసుకోవడం. ఆటగాళ్లు గురి డైస్, దెబ్బ డైస్ రెండూ కలిపి ఒకేసారి వేయడం. ఒకరి టర్న్ మొదలవగానే “ఇప్పుడు రేంజర్, తర్వాత విజార్డ్” అని తర్వాతి పేరు కూడా చెప్పడం. దాంతోపాటు గదిలో పరిస్థితిని రెండు వాక్యాల్లో మళ్లీ చెప్పడం. ఈ చివరిది చాలామంది డీఎంలకు నచ్చదు, విననివాళ్ల కోసం మళ్లీ మళ్లీ చెప్పడమేంటి అంటారు. కానీ కథలో పాత్ర ఆ గదిలోనే నిలబడి ఉంది, దానికి అన్నీ కనిపిస్తున్నాయి. ఆటగాడికి మాత్రం నా మాటలు తప్ప వేరే కళ్లు లేవు.

ఇసుక గడియారం పెట్టి, ఇసుక అయిపోయేలోగా ఏం చేస్తావో చెప్పకపోతే నీ పాత్ర డాడ్జ్ చేసినట్టే అనే రూలు కూడా కొంతకాలం నడిపాం. అంటే దెబ్బలు కాచుకుంటూ నిలబడటం, ఆ రౌండ్‌కి కొట్టే అవకాశం పోయినట్టే. రోగ్‌కి ఇది బాగా నచ్చింది. రేంజర్‌కి కాలింది. “నేను ఫోన్ చూడట్లేదు, ఆలోచిస్తున్నా. వాడు ఫోన్ చూస్తూ కూడా టైమ్‌కి ఏదో ఒకటి వాగేస్తాడు. ఇప్పుడు శిక్ష ఎవరికి పడుతున్నట్టు?” అంది. ఆమె మాటలో న్యాయముంది. అందరికీ ఒకే రూలు పెట్టినా దాని బరువు అందరి మీదా ఒకేలా పడదు. ఇసుక గడియారం తీసేసి, దాని బదులు శత్రువు ఏం చేయబోతున్నాడో ఒక రౌండ్ ముందే సూచించడం మొదలెట్టాను. “ఆ మంత్రగత్తె ఏదో పెద్ద మంత్రం మొదలుపెట్టింది, చేతుల్లో మంట లేస్తోంది” అంటే, తమ టర్న్ కానివాళ్లు కూడా ఏం చేయాలా అని గుసగుసలాడుకుంటారు. ఫోన్లు వాటంతట అవే చేతుల్లోంచి బల్ల మీదకు దిగాయి.

ఇక ఫైర్‌బాల్ గొడవ. మా గుంపులో దీన్ని ఇప్పటికీ తలుచుకుంటారు.

ఐదో లెవెల్‌కి చేరగానే విజార్డ్‌కి ఫైర్‌బాల్ అనే నిప్పుబంతి మంత్రం దొరుకుతుంది. పడినచోటు నుంచి చుట్టూ 20 అడుగుల దాకా అంతా భగ్గుమంటుంది. దెబ్బ ఆరు ముఖాల డైస్ ఎనిమిది, సగటున 28. సేవ్ రోల్ (దెబ్బ నుంచి తప్పించుకునే రోల్) గెలిచినవాళ్లకు సగం. మిత్రుడా, శత్రువా అని అది చూడదు. ఆ రోజు ఫైటర్ తన టర్న్‌లో హాల్లోకి దూసుకెళ్లి శత్రువుల మధ్య నిలబడ్డాడు. ఆ మాట చెప్పినప్పుడు విజార్డ్ తల ఫోన్లో ఉంది. తన టర్న్ రాగానే తలెత్తి “హాలు మధ్యలో ఫైర్‌బాల్!” అని ఎనిమిది డైస్ వేసేశాడు. 34 వచ్చింది. చప్పట్లు కొట్టబోయి ఫైటర్ మొహం చూసి ఆగిపోయాడు.

“నువ్వక్కడున్నావని నాకెవరూ చెప్పలేదే!”

“చెప్పాను. నువ్వు వింటేగా!”

వేసిన డైస్ వేసినట్టే అన్నారు ఇద్దరు. నేను ఒప్పుకోలేదు. విజార్డ్ ఆడే మనిషి ఫోన్ చూస్తున్నాడు గానీ, విజార్డ్ చూడటం లేదు. కథలో అతను గుమ్మంలో నిలబడి ఫైటర్ వీపునే చూస్తున్నాడు. పాత్రకు కళ్లముందు కనిపిస్తున్నదాన్ని ఆటగాడు వినలేదన్న కారణంతో తోడున్నవాణ్ని తగలబెట్టనివ్వను. స్పెల్ వేయి, ఎక్కడ వేయాలో మళ్లీ చెప్పు అన్నాను.

నిజమైన గొడవ అప్పుడు మొదలైంది. ఫైటర్‌కి ప్రాణం దక్కింది కదా, సంతోషించాలి. సంతోషించలేదు. “కిందటిసారి నేను గోతిలో పడ్డప్పుడు నాకూ తెలియదన్నాను. అప్పుడు మళ్లీ చెప్పనిచ్చావా?” అన్నాడు. గది నిశ్శబ్దమైపోయింది. ఆ మాట తోసేసేది కాదు, ఎందుకంటే అతను అడుగుతున్నది ఫైర్‌బాల్ గురించి కాదు. మా ఇద్దర్నీ ఒకేలా చూస్తున్నావా అని అడుగుతున్నాడు.

రెండూ ఒకటి కాదని వివరించాను. గోతి మీద ఆకులు కప్పి ఉన్నాయి, దాన్ని పసిగట్టే రోల్ అతను ఓడిపోయాడు, కాబట్టి ఆటగాడికీ తెలీదు, పాత్రకూ తెలీదు. ఇక్కడ పాత్రకు తెలుసు. పాత్రకు తెలిసినది ఆటగాడి చెవిన పడకపోతే ఎవరికైనా, ఎప్పుడైనా మళ్లీ చెప్పే అవకాశం ఇస్తాను. పాత్రకే తెలియనిదైతే ఇవ్వను. ఇది ఈ రోజు నుంచి అందరికీ రూలు అని కాగితం మీద రాశాను. ఫైటర్ పూర్తిగా కరగలేదు గానీ, “సరే, రాశావుగా” అన్నాడు. తీర్పు తనకు అనుకూలంగా రావడం కంటే, దాని వెనక కారణం ఏమిటో, రేపు తన విషయంలోనూ అదే కారణం నిలబడుతుందో లేదో అతనికి ముఖ్యం. నేను చూసిన ఆటగాళ్లలో చాలామంది ఇంతే.

ఇక్కడ చిన్న పిడకల వేట. 1974లో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ ఈ ఆటను తెచ్చినప్పుడు నా కుర్చీలో కూర్చునే మనిషి రెఫరీ. ఆ రెఫరీ సైనిక యుద్ధక్రీడల నుంచి వచ్చాడు. 1824లో ప్రష్యా సైన్యం కోసం రైస్విట్జ్ రూపొందించిన క్రీడలో రెండు పక్షాల మధ్య తీర్పు చెప్పడానికి అంపైర్ ఉండేవాడు. రూల్స్ ఎక్కువైపోయాయి, అనుభవమున్న అంపైర్ విచక్షణకే వదిలేద్దామని 1876లో వెర్డీ దు వెర్నువా అనే ప్రష్యన్ అధికారి వాదించాడు. రూలు గొప్పదా, రెఫరీ గొప్పవాడా అని మనం బల్ల దగ్గర పడే గొడవ అంత పాతది. కాకపోతే ఒక్క తేడా. ఆ అంపైర్‌కి తనదంటూ సైన్యం లేదు. నాకుంది. గాబ్లిన్లనే చిట్టి రాక్షసుల్ని నడిపేదీ నేనే, గాబ్లిన్ దెబ్బ తగిలిందా లేదా అని తేల్చేదీ నేనే. అనుమానం రావడంలో ఆటగాళ్ల తప్పేమీ లేదు.

అందుకే ఎంత చెప్పగలిగితే అంత డైస్ పడకముందే చెప్పడం అలవాటు చేసుకున్నాను. అందుకోవాల్సిన అంకె ఎంత, గెలిస్తే ఏమొస్తుంది, ఓడితే ఏం పోతుంది. బ్లేడ్స్ ఇన్ ద డార్క్ అనే ఆటలో ఇది రూల్స్‌లోనే ఉంది, డైస్ ముట్టుకునేలోపే ప్రమాదం ఎంతో, ఫలితం ఎంతో తేల్చుకోవాలి. మా ఆటలో ఆ నిర్బంధం లేదు, చాలామంది డీఎంలు అంకెను దాచుకుంటారు. దాచితే ఏమవుతుందంటే, రోగ్ గోడ ఎక్కుతాడు, 9 పడుతుంది, తనకున్న 5 కలిపితే 14. “కుదరలేదు” అంటాను. “14 కూడా చాలదా? నువ్వు ఇప్పుడే పెంచావు!” అంటాడు. ముందే 15 అని చెబితే ఆ మాట రాదు. పైగా 5 కలిసే మనిషికి 15 అందుకోవడమంటే డైస్ మీద 10 లేదా అంతకంటే ఎక్కువ పడాలి, అంటే 55 శాతం. ఒక్కో ముఖానికి 5 శాతం చొప్పున లెక్క వాళ్లే వేసుకుంటారు. ఓడే అవకాశం 45 శాతం ఉందని తెలిసి ఎక్కినవాడు పడితే డైస్‌ను తిడతాడు, నన్ను కాదు. ఇంకో లాభం ఏంటంటే, “ఓడితే తాడు తెగి కింద కాపలావాళ్ల మధ్య పడతావు” అన్న మాట వినగానే ఫోన్ చూస్తున్నవాళ్లు కూడా తలెత్తుతారు.

డైస్ దగ్గర కూడా గొడవలొచ్చాయి. రోగ్‌కి ఒక సాయంత్రం వరసగా 20లు పడ్డాయి. మూడు 20లు వరసగా పడే అవకాశం 8000లో ఒకటి. నిజమే. కానీ ఒక సెషన్లో అందరం కలిసి వందల రోల్స్ వేస్తాం, ఏళ్లతరబడి ఆడతాం, ఎప్పుడో ఒకసారి ఎవరికో ఒకరికి పడాల్సిందే. ఈ లెక్క చెబితే ఎవరికీ ఎక్కలేదు. రేంజర్ ఇంటి నుంచి గ్లాసులో ఉప్పునీళ్లు కలుపుకొచ్చింది. ఉప్పు బాగా దట్టిస్తే ప్లాస్టిక్ డైస్ తేలుతుంది, వేలితో తిప్పినప్పుడల్లా ఒకే అంకె పైకి వస్తుంటే లోపల బరువు ఒకవైపుకి ఉన్నట్టు. రోగ్ డైస్ తిప్పిన ప్రతిసారీ వేరే వేరే అంకెలు చూపించింది. ముఖాలు అరిగిపోయినా, వంకరగా ఉన్నా ఈ పరీక్షలో తెలియదనుకోండి. అయినా నాకు డైస్ కంటే ఆ పరీక్ష జరుగుతున్నప్పుడు రోగ్ మొహం ఇబ్బందిగా అనిపించింది. స్నేహితులు నలుగురూ గ్లాసు చుట్టూ మూగి నువ్వు మోసం చేస్తున్నావా అని చూస్తుంటే ఎవరికి బాగుంటుంది? ఆ తర్వాత నుంచి బల్ల మధ్యలో ట్రే, అందులో అందరివీ కలిపి డైస్. నేను అడగకముందే వేసినది చెల్లదు, 20 పడినా సరే. ట్రే దాటినా, వాలిపోయి నిలబడినా మళ్లీ వేయాల్సిందే. ఎవరినీ వేలెత్తి చూపకుండా అనుమానం పోయింది.

అదే చర్చలో రోగ్ నావైపు తిరిగాడు. “మా డైస్ ట్రేలో, మరి నీవి స్క్రీన్ వెనకా?” బాగా అడిగాడు. స్క్రీన్ అంటే నా డైస్, కాగితాలు కనబడకుండా నా ముందు నిలబెట్టుకునే అట్ట. యుద్ధంలో నా రోల్స్ అన్నీ ట్రేలోకి తెచ్చాను. పాత్రలకు తెలియకూడనివి మాత్రం, చీకట్లో ఎవరైనా వెంటపడుతున్నారా లాంటివి, ఇప్పటికీ స్క్రీన్ వెనకే వేస్తాను. ఎందుకో చెప్పే వేస్తాను.

బహిరంగంగా వేయడానికి ఖరీదు ఉంది. క్లెరిక్ ఒక సమాధిలో సున్నా హిట్ పాయింట్లకు చేరి, అంటే ప్రాణశక్తి అయిపోయి, స్పృహతప్పి పడిపోయింది. పక్కన ఘూల్ ఉంది, శవాలు తినే జీవి. “ఇది పడినవాళ్లను వదలదు, దీని టర్న్ వచ్చేలోపు ఎవరైనా అడ్డుపడకపోతే ఆమె మీదే పడుతుంది” అని చెప్పాను. మధ్యలో ఫైటర్ టర్న్ వచ్చింది. అతను పెట్టె ఎత్తుకుపోతున్న దొంగ వెంటపడ్డాడు. ఘూల్ రోల్ ట్రేలో వేశాను, తగిలింది. అలా పడినవాళ్లు చావు తప్పించుకోవడానికి వేసే రోల్స్ డెత్ సేవ్‌లు, మూడు పోతే చావే. స్పృహలేని మనిషికి పక్కనుంచి దెబ్బ తగిలితే రెండు డెత్ సేవ్‌లు పోయినట్టే. తర్వాత ఆమె టర్న్. 10 పడితే చాలు. 7 పడింది. మూడు పోయాయి. చనిపోయినవాళ్లను లేపే స్పెల్ మా గుంపులో తెలిసింది క్లెరిక్ ఒక్కదానికే. స్క్రీన్ వెనక వేసి ఉంటే ఆ దెబ్బ తప్పించేవాణ్నేమో, ఏడాది పైగా ఆడిన పాత్ర అది. కానీ ఆ రాత్రి ఒక్కరు కూడా ఇది అన్యాయం అనలేదు. ఆమె ఫైటర్‌తో ఓ వారం ముభావంగా ఉంది, నాతో మాత్రం కొత్త పాత్ర గురించే మాట్లాడింది.

డైస్ మీద అదృష్టం ఒక్క క్షణమైతే సర్దుకుపోతారు, ఏడాదిపాటు వెంటాడితే సర్దుకోరు. పాత్రలు తయారు చేసేటప్పుడు ఆరు ముఖాల డైస్ నాలుగు వేసి, తక్కువది తీసేసి, మిగతా మూడూ కూడితే ఒక సామర్థ్యం. ఇలా ఆరుసార్లు. సగటు 12 పైచిలుకు. మా రోగ్‌కి రెండు 17లు పడ్డాయి, ఫైటర్‌కి 14 దాటింది ఒక్కటీ లేదు. పుస్తకంలో 15, 14, 13, 12, 10, 8 అని అందరికీ సమానమైన అంకెలు కూడా ఇచ్చారు, కానీ డైస్ వేసే సరదా పోతుందని మావాళ్లు వద్దన్నారు. కొత్త క్లెరిక్ కోసం డైస్ తీసినప్పుడు పద్ధతి మార్చాం. అందరూ తలా ఒక ఆరు అంకెల వరస వేసి బల్ల మీద పెట్టారు, ఎవరికి ఏ వరస కావాలంటే అది తీసుకోవచ్చు, ఒకే వరస అందరూ తీసుకున్నా అభ్యంతరం లేదు. ఫైటర్ కూడా తన అంకెలు అందులోంచే మార్చుకున్నాడు. ఫోన్ తక్కువగా చూడటం కూడా అప్పటినుంచే. గురి తప్పుతూ ఉండే మనిషికి ఆటమీద ధ్యాస ఎక్కడుంటుంది?

రూల్స్ పుస్తకం తిరగేసే గొడవలు ఇంత లోతైనవి కావు. నిమిషం వాదించుకోవచ్చు, తర్వాత నేను ఏదో ఒకటి తేలుస్తాను, పుస్తకం సెషన్ అయ్యాకే తెరుస్తాం. నా తీర్పు రూలుకు విరుద్ధమని తేలితే వచ్చేసారి నుంచి మారుతుంది, జరిగిన కథ వెనక్కి పోదు. నష్టపోయినవాళ్లకు ఇన్‌స్పిరేషన్ ఇస్తాను, ఏదో ఒక రోల్‌కి రెండు డైస్ వేసి పెద్దది తీసుకోవచ్చు.

ఇంకా తేలనిది ఒకటుంది. సెషన్‌కి రానివాళ్ల పాత్ర లెవెల్ పెరగాలా, వద్దా? అందరూ ఒకే లెవెల్లో ఉండకపోతే వెనకబడినవాళ్లు యుద్ధంలో ఏమీ చేయలేరు, మళ్లీ ఫోన్లు బయటికొస్తాయని నా వాదన. “నేను నిద్ర ఆపుకుని ప్రతిసారీ వస్తున్నా. రానివాడికీ నాకూ ఒకటే లెవెలా?” అని ఫైటర్ వాదన. రేంజర్ అతనివైపు, రోగ్ నావైపు, అతనే ఎక్కువసార్లు ఎగ్గొడతాడు కాబట్టి. వచ్చే సెషన్ మొదట్లో ఓటింగ్ పెట్టుకుందామనుకున్నాం. ఆ సెషన్‌కి రానివాళ్లకు ఓటు ఉండాలా అన్నది కొత్త గొడవ.